బెంగళూరు ఫ్లాట్‌లో జిమ్నాస్టిక్ రింగ్స్: ఎక్కడ తగిలించాలి, ఎలా మొదలుపెట్టాలి

మారతహళ్ళి, బెల్లందూరు, బీటీఎం వైపు ఉండే మనోళ్ళలో చాలామందిది ఒకటే కథ. ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర, జిమ్‌కి పోదామంటే మళ్ళీ ట్రాఫిక్, పోయాక అక్కడ బెంచీ కోసం వెయిటింగ్, రెండు నెలలు ఎలాగో లాగి మానేస్తారు, ఏడాది ఫీజు మాత్రం ముందే కట్టేసి ఉంటారు. అలాంటివాళ్ళు ఎవరు అడిగినా నేను చెప్పేది ఒక జత చెక్క రింగ్స్ కొనుక్కోమనే. రెండు రింగులు, రెండు పట్టీలు, అంతే సామాను. ఛాతీ, వీపు, భుజాలు, చేతులు, పొట్ట అన్నిటికీ వీటితోనే పని జరుగుతుంది, కాళ్ళకి కూడా కొంతవరకు జరుగుతుంది, పండక్కి ఊరెళ్తే బ్యాగులో వేసుకుని పోవచ్చు.

వినగానే చాలామంది అనేది, "అవి ఒలింపిక్స్‌లో వాళ్ళు చేసేవి కదా, నాకు ఒక్క పుల్ అప్ కూడా రాదు" అని. నిజమే, 1896 ఏథెన్స్ ఒలింపిక్స్ నుంచే రింగ్స్ పోటీ ఉంది, 1956లోనూ 1960లోనూ రింగ్స్ గోల్డ్ కొట్టిన ఆల్బర్ట్ అజారియన్ చేసిన క్రాస్ (చేతులు రెండూ పక్కలకి తిన్నగా చాచి గాల్లో ఆగడం) లాంటివి మనం చెయ్యబోవట్లేదు. కానీ రింగ్స్‌లో ఉన్న గొప్ప సౌకర్యం ఏంటంటే బరువుని మనమే పెట్టుకోవచ్చు. రింగ్స్ పట్టుకుని దాదాపు నిటారుగా నిలబడి కొంచెం వెనక్కి వాలి లాగితే చాలా తేలిక, అదే పాదాలు ముందుకి జరిపి ఒళ్ళు నేలకి దగ్గరగా తెస్తే అదే కదలిక మహా కష్టం అయిపోతుంది. పుల్ అప్ బార్ దగ్గర ఈ వీలు లేదు, పైకి వెళ్తే వెళ్ళినట్టు, లేకపోతే లేదు. అందుకే ఒక్క పుల్ అప్ రానివాళ్ళకే రింగ్స్ ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం.

ఒక్క విషయం మాత్రం మొదట్లోనే ఒప్పుకుని దిగాలి. రింగ్ కదులుతుంది. నేల మీద దండీలు 30 తీసేవాడు కూడా రింగ్స్ మీద మొదటిసారి 6 తియ్యగానే వణికిపోతాడు, ఎందుకంటే అటూ ఇటూ పోయే రింగుని ఆపడానికే సగం బలం పోతుంది. కాబట్టి ఇక్కడ లెక్క పెట్టుకోవాల్సింది ఎన్ని తీశామని కాదు, రింగ్స్ ఊగకుండా ఎన్ని తీశామని. కింద చెప్పే వరస అంతా దీని మీదే నడుస్తుంది, ఊగడం తగ్గాకే తర్వాతిది.

కొనేటప్పుడు

చెక్కవే తీసుకోండి. ప్లాస్టిక్ వాటి మీద చెయ్యి చెమటకి జారుతుంది, చెక్క చెమటని కాస్త పీల్చుకుంటుంది, పట్టు ఉంటుంది. మందం రెండు సైజుల్లో దొరుకుతాయి, 28 మిల్లీమీటర్లు, 32 మిల్లీమీటర్లు. పోటీల్లో వాడేది 28, లోపలి వ్యాసం 18 సెంటీమీటర్లు. చేతులు చిన్నవైతే 28 హాయిగా ఉంటుంది, పెద్ద చేతులైతే 32 తీసుకోవచ్చు, దాని గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోవక్కర్లేదు. పట్టీ మీద నంబర్లు కుట్టి ఉన్నవి దొరికితే మాత్రం రెండు రూపాయలు ఎక్కువైనా అవే తీసుకోండి, ఎందుకంటే కసరత్తు మారినప్పుడల్లా రెండు రింగులూ ఒకే ఎత్తులో పెట్టుకోవాలి, నంబర్లు లేకపోతే ప్రతిసారీ కొలుచుకుంటూ కూర్చోవాలి. నంబర్లు లేనివి ఇప్పటికే కొనేసి ఉంటే పర్మనెంట్ మార్కర్‌తో ఒక్కో జానకి ఒక గీత పెట్టుకోండి, సరిపోతుంది.

తగిలించే చోటు

అసలు కష్టం ఇక్కడే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. కసరత్తు తప్పుగా చేస్తే భుజం నొప్పితో పోవచ్చు, పైన పట్టు ఊడొస్తే తల పగులుతుంది.

ముందు చెయ్యకూడనివి. ఫ్యాన్ హుక్‌కి తగిలించొద్దు, అది ఫ్యాన్ బరువు కోసం పెట్టింది, మనిషి వేలాడి ఊగడానికి కాదు, పైగా పక్కనే కరెంటు వైర్లు ఉంటాయి. ఫాల్స్ సీలింగ్ ఉన్న హాల్లో ఆ జిప్సం బోర్డుకి గానీ దాని సన్న చానెళ్ళకి గానీ ఏదీ తగిలించే ఆలోచనే వద్దు. పిల్లల ఉయ్యాల స్టాండ్ కూడా వద్దు. తలుపు చట్రం మధ్యలో తిప్పి బిగించే బార్ ఉంటుంది చూడండి, అది రెండు వైపులా రాపిడి మీద మాత్రమే నిలబడుతుంది, దానికి రింగ్స్ కట్టి ఊగితే మెల్లగా జారుతుంది. చట్రం పైన తగిలించి వేలాడదీసే రకం బార్ వేరే దేశాల వీడియోల్లో బాగుంటుంది గానీ మన ఇళ్ళల్లో చట్రం గోడతో సమానంగా ఉంటుంది, పట్టుకోవడానికి పైన గట్టు ఉండదు, కాబట్టి చాలా ఇళ్ళకి అది కూర్చోదు.

ఇక పనికొచ్చేవి. పాత ఇళ్ళల్లో, అంటే మల్లేశ్వరం, బసవనగుడి వైపు ఇళ్ళల్లో అద్దెకుండే అదృష్టం ఉంటే హాల్లో ఉయ్యాల కొక్కేలు ఉన్నాయేమో ఒకసారి పైకి చూడండి. నలుగురు కూర్చుని ఊగే బల్ల కోసం స్లాబ్‌లో పోసిన కొక్కేలు అవి. ఉయ్యాలకి నాలుగు కొక్కేలు ఉంటాయి కదా, ఒక చివర ఉన్న రెండిటి మధ్య దూరం బల్ల వెడల్పుని బట్టి ఒకటిన్నర రెండు అడుగులు ఉంటుంది, రింగ్స్‌కి కావాల్సింది సరిగ్గా అదే, పోటీల్లో కూడా రెండు పట్టీల మధ్య దూరం 50 సెంటీమీటర్లే. కొక్కెం చుట్టూ పగుళ్ళు, తుప్పు మరకలు, నీటి చెమ్మ ఉంటే మాత్రం వాడొద్దు.

సొంత ఫ్లాట్ అయితే, లేదా ఓనర్ ఒప్పుకుంటే, కాంక్రీటు బీమ్‌కో స్లాబ్‌కో యాంకర్ బోల్టులు వేయించుకోవచ్చు. ఇక్కడ బెంగళూరువాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఒకటుంది. ఈమధ్య కట్టిన పెద్ద టవర్లలో కొన్నిటికి పోస్ట్ టెన్షన్ స్లాబ్‌లు ఉంటాయి, అంటే స్లాబ్ లోపల స్టీలు తీగలు బాగా లాగి బిగించి పెట్టి ఉంటారు. డ్రిల్లు ఆ తీగకి తగిలితే మీ హాలు ఒక్కటే కాదు, బిల్డింగుకే నష్టం, మనిషికి ప్రాణం మీదకి కూడా వస్తుంది. కాబట్టి అసోసియేషన్ ఆఫీసుకి పోయి "స్లాబ్ మామూలు ఆర్‌సీసీనా, పోస్ట్ టెన్షనా" అని అడిగి, డ్రాయింగ్ చూపించమని అడిగి, అప్పుడు దిగండి. మామూలు ఆర్‌సీసీ అయినా ఫ్యాన్‌కీ లైట్‌కీ వెళ్ళే కరెంటు పైపులు స్లాబ్‌లోనే పోతుంటాయి, స్విచ్ బోర్డు నుంచి ఫ్యాన్ దాకా ఊహించుకుని ఆ దారి వదిలేసి గుర్తు పెట్టండి.

బోల్టు 10 లేదా 12 మిల్లీమీటర్ల ఎక్స్‌పాన్షన్ యాంకర్, దానికి నోరు తెరిచి ఉన్న హుక్ కాకుండా పూర్తిగా మూసుకున్న గుండ్రటి కన్ను ఉండేది. ఎస్పీ రోడ్ వైపు హార్డ్‌వేర్ షాపుల్లో "కాంక్రీట్ సీలింగ్‌కి, మనిషి వేలాడాలి" అని చెప్పి అడిగితే తీసిస్తారు. ప్లాస్టిక్ గట్టా కొట్టి స్క్రూ బిగించేస్తానని ఎవరైనా అంటే ఆ మనిషిని దండం పెట్టి పంపించేయండి, అది ఫోటో ఫ్రేముకి సరిపోతుంది. బెజ్జం కొట్టాక లోపలి దుమ్ము ఊది బయటికి తియ్యడం చాలామంది వదిలేస్తారు, దుమ్ము ఉంటే బోల్టు రెక్కలు కాంక్రీటుని గట్టిగా పట్టవు, దగ్గరుండి ఆ పని చేయించుకోండి. ఒక్కో బోల్టు విడిగా మీ బరువుకి మూడు నాలుగింతలు మోసేలా ఉండాలి, ఎందుకంటే ఊగినప్పుడు, కుదుపు ఇచ్చినప్పుడు పడే బలం మీ బరువు కంటే చాలా ఎక్కువ, ఒక్కోసారి అదంతా ఒక్క వైపే పడుతుంది.

గోడకి బిగించే పుల్ అప్ బార్ కూడా మంచిదే, గోడ ఏంటో తెలుసుకోండి ముందు. గట్టి ఇటుక గోడ, కాంక్రీటు గోడ పర్లేదు. కొత్త ఫ్లాట్లలో లోపలి గోడలు తేలిక బ్లాకులతోనో బోలు బ్లాకులతోనో కడతారు, వేలితో కొడితే డొల్ల శబ్దం వస్తుంది, వాటి మీద ఈ బరువు పెట్టలేం. అల్యూమినియం షట్టరింగ్‌తో పోసిన అపార్టుమెంట్లలో అయితే గోడలు కూడా కాంక్రీటే, అసోసియేషన్ పర్మిషన్ ఇస్తే బార్‌కి అంతకంటే మంచి గోడ ఉండదు.

అద్దె ఇల్లో పీజీయో అయితే డ్రిల్లింగ్ కుదరదు, అప్పుడు మేడ మీదకి చూపు పోనివ్వండి. వాటర్ ట్యాంకు కింద ఇనప యాంగిల్స్ స్టాండ్ ఉంటుంది చాలా బిల్డింగులకి, లేకపోతే మెట్ల గది ముందు కాంక్రీటు బీమ్ బయటికి వచ్చి ఉంటుంది. యాంగిల్ అంచు పదునుగా ఉంటుంది, పట్టీని నేరుగా చుడితే కొన్నాళ్ళకి కోసేస్తుంది, అందుకే పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి కింద వేసి, దాని మీద పట్టీ చుట్టండి. నీళ్ళ పైపులకి మాత్రం కట్టొద్దు. మేడ మీదకి పోయేముందు ఓనర్‌తో ఒక మాట చెప్పడం మంచిది, "ఆంటీ, పొద్దున్నే అరగంట మేడ మీద ఎక్సర్‌సైజ్ చేసుకుంటాను, గోడకి ఏమీ కొట్టను, అయిపోగానే విప్పేసుకుంటాను" అంటే కాదనే ఓనర్లు తక్కువ, కాదనేది ఎక్కువగా శబ్దం గురించే, రింగ్స్‌కి శబ్దం ఉండదు.

పార్కుల్లో ఓపెన్ జిమ్ పెట్టినచోట పుల్ అప్ బార్ ఉంటే దానికి కట్టుకోవచ్చు, పొద్దున్నే ఆరింటికి పోతే ఖాళీగా దొరుకుతుంది. చెట్లకి కడదామనుకునేవాళ్ళు లాల్‌బాగ్, కబ్బన్ పార్కుల్లో ఆ పని చెయ్యకండి, ఆ చెట్ల వయసుకైనా మర్యాద ఇవ్వాలి. వేరే ఎక్కడైనా తురాయి కొమ్మని నమ్మొద్దు, వానలు పడితే బెంగళూరు రోడ్ల మీద ముందు విరిగిపడేవాటిలో అదొకటి.

పట్టీ కట్టడం

పట్టీని బీమ్ మీదుగానో కన్నులోంచో వేసి, రింగులోంచి దూర్చి, కొసని బకిల్ కింద నుంచి లోపలికి పోనిచ్చి పైనుంచి బయటికి లాగాలి. బకిల్‌లో సన్నటి పళ్ళు ఉంటాయి, లివర్ వదలగానే అవి పట్టీని కరుచుకోవాలి. తిరగేసి దూరిస్తే చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది, బరువు పడగానే సర్రున జారిపోతుంది. దూర్చాక రింగుని గట్టిగా కిందికి గుంజండి, పట్టీ ఒక్క మిల్లీమీటరు కూడా జారకూడదు. బకిల్ మీ ముంజేతికి తగలకుండా పైకి జరిపి పెట్టుకోండి, మిగిలిన తోకని పట్టీకే ముడేసేయండి. ఆ తర్వాత రెండు రింగుల్ని దగ్గరికి తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి, ఒకటి అర అంగుళం పైకున్నా తెలిసిపోతుంది, ఆ అర అంగుళమే నెలలో ఒక భుజాన్ని ఎక్కువ అరగదీస్తుంది.

ప్రతి రోజూ మొదలుపెట్టే ముందు పాదాలు నేల మీదే ఉంచి సగం బరువు వేసి చూడండి, తర్వాత పూర్తి బరువు. పది సెకన్ల పని. కింద యోగా మ్యాట్ రెండు మడతలు వేసి పెట్టుకోండి, చుట్టూ టీపాయ్‌లు, గాజు సామాను లేకుండా చూస్కోండి.

ఒళ్ళు వేడెక్కడం

రోజంతా కీబోర్డు మీద ఉండే మణికట్లు మనవి, నేరుగా రింగ్స్ పట్టుకోవద్దు. మణికట్లు రెండు వైపులా తిప్పడం, చేతులు పెద్దగా గుండ్రంగా తిప్పడం, పది బస్కీలు, తర్వాత రింగ్స్ పట్టుకుని మోచేతులు వంచకుండా రెక్కల ఎముకల్ని మాత్రమే కిందికి లాగి వదలడం ఒక పదిసార్లు. డిసెంబరు జనవరిలో బెంగళూరు పొద్దున చలికి ఐదు నిమిషాలు చాలదు, పది నిమిషాలు చెయ్యండి.

మొదటి రెండు నెలలకి నాలుగే నాలుగు

మొదటిది రో, అంటే వెనక్కి వాలి ఛాతీని రింగుల దగ్గరికి లాక్కోవడం. రింగ్స్ నడుము ఎత్తులో పెట్టి, పట్టుకుని, మడమ నుంచి తల దాకా ఒళ్ళంతా ఒకే గీతలా బిగించి వెనక్కి వాలండి. పిరుదులు కిందికి జారకూడదు. లాగేటప్పుడు అరచేతులు నేల వైపు చూస్తూ మొదలై, పైకి వచ్చేసరికి ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి, ఆ తిరగడాన్ని ఆపకండి, రింగ్స్ వల్ల మోచేతికి జరిగే మేలు అదే, బార్ మీద అయితే మణికట్టు ఒకేచోట బిగుసుకుపోయి భారం మోచేతి మీద పడుతుంది. పైన ఒక్క సెకను ఆగి, మూడు సెకన్లలో కిందికి దిగండి. మన ఫ్లాట్లలో రెండడుగుల టైల్స్ ఉంటాయి కదా, అదే మీ స్కేలు. పాదాలు ఏ టైల్ గీత మీద ఉన్నాయో చూసుకోండి, ఆ గీత మీద మూడు సెట్లు, సెట్‌కి ఎనిమిది చొప్పున నీటుగా వచ్చాయంటే తర్వాతిసారి అర టైల్ ముందుకి. యాప్ అక్కర్లేదు, మూడు నెలల తర్వాత ఎంత బలం పెరిగిందో నేల చూపిస్తుంది.

రెండోది పుష్ అప్. ఇది కూడా నడుము ఎత్తులోనే మొదలుపెట్టండి, నేలకి దగ్గరగా అప్పుడే వద్దు. దిగేటప్పుడు మోచేతులు మరీ పక్కలకి పోకుండా ఒంటికి 45 డిగ్రీల్లో ఉండాలి, రింగ్స్ ఛాతీ పక్కకి రావాలి. పైకి వచ్చాక బొటనవేళ్ళు కొంచెం బయటికి తిరిగేలా రింగ్స్ తిప్పి ఒక సెకను ఆగండి, ఈ చిన్న తిప్పుడు ఇప్పుడే అలవాటు చేసుకుంటే తర్వాత డిప్స్‌లో, అంటే రింగ్స్ మీద చేతులతో నిలబడి మోచేతులు వంచి కిందికి దిగి మళ్ళీ పైకి రావడంలో, చాలా కలిసొస్తుంది. వారాలు గడిచేకొద్దీ పట్టీ ఒక్కో నంబరు దించుకుంటూ నేలకి జాన ఎత్తు దాకా రండి.

మూడోది సపోర్ట్ హోల్డ్, నన్నడిగితే రింగ్స్‌లో అన్నిటికన్నా విలువైనది ఇదే, చూడ్డానికి ఏమీ జరగనట్టు ఉంటుంది కాబట్టి అందరూ దాటేసి పోయేదీ ఇదే. రింగ్స్ నడుము దగ్గర పెట్టి, వాటి మధ్య నిలబడి, చేతులు కిందికి నొక్కి మోచేతులు తిన్నగా లాక్ చేసి పాదాలు నేల వదిలెయ్యాలి, అంతే, ఆగి ఉండాలి. మొదటిసారి ఎక్కినప్పుడు ఏం జరుగుతుందంటే రెండు సెకన్లలో ముంజేతులు వణకడం మొదలవుతుంది, ఆ వణుకు పట్టీల దాకా పాకుతుంది, రింగులు పక్కలకి పారిపోతుంటే చంకలు బిగిసి వాటిని లోపలికి లాగుతుంటాయి, భుజాలు చెవుల దాకా లేచిపోతాయి. లేవనివ్వకండి, మెడ పొడుగు కావాలన్నట్టు భుజాలు కిందికి తొక్కి పెట్టండి, రింగ్స్ తొడలకి ఆనుకునేంత దగ్గరగా ఉంచండి, పట్టీ చేతికి రాసుకుంటున్నా మొదట్లో పర్లేదు, ఊపిరి బిగపట్టొద్దు. ఐదు సెకన్లు ఆగలేకపోతే కాలి వేళ్ళు నేలకి ఆనించి కొంత బరువు కాళ్ళ మీద ఉంచండి, అది కూడా పనే. పదేసి సెకన్లు ఐదుసార్లు, తర్వాత ఇరవై, తర్వాత ముప్పై సెకన్లు మూడుసార్లు. ముప్పై సెకన్లు వణుకు లేకుండా వచ్చాక రింగ్స్ బయటికి తిప్పి, పట్టీ చేతికి తగలకుండా మళ్ళీ పది సెకన్ల నుంచి మొదలు.

ఇది అయ్యేదాకా డిప్స్ జోలికి పోవద్దు. పైన నిలబడలేని భుజం కిందికి దిగి పైకి ఎలా వస్తుంది? మా ఫ్లోర్‌లో ఉండే నెల్లూరు అన్న ఒకాయన మంచి దిట్టమైన మనిషి, జిమ్‌లో బార్ మీద డిప్స్ సునాయాసంగా తీసేవాడు, ఆయన కూడా "ఇదేంది బ్రో, ఏమీ చెయ్యకుండానే చెమటలు కక్కిస్తాంది" అని వారాల తరబడి ఈ ఒక్క హోల్డ్ మీదే ఉండి, అప్పుడు డిప్స్‌కి వెళ్ళాడు, ఇప్పుడు ఆయన డిప్స్ తీస్తుంటే పట్టీలు గోడకి దిగేసిన మేకుల్లా కదలవు.

నాలుగోది పుల్ అప్ వైపు మెట్టు. రింగ్స్ కింద నేల మీద కూర్చుంటే చేతులు చాచి పట్టుకునేంత ఎత్తులో పెట్టుకోండి, పాదాలు ముందు నేల మీద ఆనించి, చేతులతో లాగుతూ అవసరమైనంత మాత్రం కాళ్ళ సాయం తీసుకుంటూ గడ్డం రింగుల దాకా తీసుకురండి, దిగేటప్పుడు కాళ్ళ సాయం తగ్గించి ఐదు సెకన్లు తీసుకుని దిగండి. దిగడంలోనే బలం త్వరగా వస్తుంది. ఇలా మూడు సెట్లు, సెట్‌కి ఎనిమిది, కాళ్ళు ఊరికే ఆనించినట్టుగా ఉంచి తియ్యగలిగితే ఒకరోజు రింగ్స్ పైకి పెట్టి అసలు పుల్ అప్ ప్రయత్నించండి, వస్తుంది.

కాళ్ళ మాట

కాళ్ళకి రింగ్స్ ఒక్కటే చాలవు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఒక పాదం వెనక రింగులో పెట్టి ఒంటికాలి బస్కీలు, వెల్లకిలా పడుకుని రెండు మడమలు రింగుల్లో పెట్టి నడుము లేపి మడమల్ని పిరుదుల వైపు లాక్కోవడం, ఈ రెండూ చేస్తే మర్నాడు మెట్రో మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. మన తాలింఖానాల బస్కీలు వీటికి తోడుగా పెట్టుకోండి.

వారం ఎలా

సోమ, బుధ, శని. లేదా మీ ఆఫీసు రోజుల్ని బట్టి ఏ మూడైనా, మధ్యలో ఒక రోజు ఖాళీ ఉండాలి. ముందు సపోర్ట్ హోల్డ్, ఎందుకంటే భుజాలు తాజాగా ఉన్నప్పుడే అది నేర్చుకోగలం. తర్వాత ఒక సెట్ రో, తొంభై సెకన్లు ఆగి ఒక సెట్ పుష్ అప్, మళ్ళీ రో, ఇలా మార్చి మార్చి మూడేసి సెట్లు. తర్వాత కాళ్ళ సాయంతో పుల్ అప్స్ మూడు సెట్లు, చివర్లో కాళ్ళది. మొత్తం నలభై ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ప్రతి సెట్ ఇంకో రెండు తియ్యగలను అనిపించినప్పుడే ఆపండి, రింగ్స్ మీద చచ్చీచెడీ తీసే చివరిదాన్లోనే భుజం దారి తప్పుతుంది.

రెండు నెలల తర్వాత హోల్డ్ ముప్పై సెకన్లు వచ్చిందంటే డిప్స్ మొదలుపెట్టండి, అవి కూడా ముందు పైనుంచి మెల్లగా దిగడం మాత్రమే, పైకి రావడానికి కాళ్ళు వాడుకోండి. పై చెయ్యి నేలకి సమాంతరం అయ్యేదాకా చాలు, ఇంకా లోతు తర్వాత చూస్కోవచ్చు. పొట్టకి మోకాళ్ళ మీద కూర్చుని రింగ్స్ ముందుకి తోస్తూ ఒళ్ళు చాచడం చాలా మంచిది, నడుము కిందికి వంగిపోతోందంటే రింగ్స్ కొంచెం ఎత్తు పెంచండి. సపోర్ట్ హోల్డ్‌లోనే మోకాళ్ళు ఛాతీకి లాక్కుని ఆగడం, ఆ తర్వాత ఒక్కో కాలు ముందుకి చాపడం, రెండు కాళ్ళూ ముందుకి తిన్నగా చాచి ఆగే ఎల్-సిట్‌కి దారి అదే.

మజిల్ అప్, అంటే పుల్ అప్‌తో మొదలై అదే ఊపులో రింగుల పైకి లేచి చేతులు తిన్నగా చెయ్యడం, దాని గురించి అందరూ అడుగుతారు. పది నీటైన పుల్ అప్స్, పది లోతైన డిప్స్ వచ్చాక అడగండి అంటాను. దానికి ఫాల్స్ గ్రిప్ కావాలి, అంటే రింగు అరచేతిలో కాకుండా మణికట్టు మీద కూర్చునేలా పట్టుకోవడం, మొదట్లో చర్మం మండుతుంది, ఆ పట్టుతో వేలాడటం ఇప్పటినుంచే పదేసి సెకన్లు చేస్తూ ఉంటే అప్పటికి సిద్ధంగా ఉంటారు. ఇంకో మాట, పోటీ రింగ్స్ నేల నుంచి దాదాపు 2.8 మీటర్ల ఎత్తులో ఉంటాయి, మన ఫ్లాట్ సీలింగే అంతకి కొంచెం అటూ ఇటూ, మజిల్ అప్ పైకి వెళ్తే తల స్లాబ్‌కి తగులుతుంది, దానికి మేడో పార్కో చూసుకోవాల్సిందే.

మోచేతులు

కండ వారాల్లో బలపడుతుంది, కండని ఎముకకి పట్టి ఉంచే టెండన్లు నెలల తరబడి తీసుకుంటాయి. ఒక నెల అయ్యేసరికి మీకు బలం వచ్చేసిందనిపిస్తుంది, రోజూ చేద్దామనిపిస్తుంది, సరిగ్గా అప్పుడే మోచేతి లోపలి వైపు సన్నగా నొప్పి మొదలవుతుంది. మగ్గు ఎత్తినా, తలుపు గడియ తిప్పినా అక్కడే కలుక్కుమంటే వెంటనే పుల్ అప్స్, ఫాల్స్ గ్రిప్ ఆపేసి, తేలిక రో మాత్రం ఉంచుకుని రెండు మూడు వారాలు ఓపిక పట్టండి. తగ్గకపోతే ఫిజియో దగ్గరికి. కండల నొప్పికీ దీనికీ తేడా సులభమే, కండ నొప్పి వెడల్పుగా, మందంగా ఉంటుంది, రెండు రోజుల్లో పోతుంది, టెండన్ నొప్పి వేలితో చూపించగలిగే ఒకే చోట ఉంటుంది. గతంలో భుజం జారినవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్ని అడక్కుండా అసలు మొదలుపెట్టొద్దు.

తిండి గురించి ఒక్క ముక్క. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం సాంబారు, రాత్రి మళ్ళీ అన్నం అంటే కండకి కావాల్సిన ప్రోటీన్ అందదు. బరువు కిలోకి 1.6 గ్రాములు అనేది కసరత్తు చేసేవాళ్ళు లెక్కేసుకునే మాట, 65 కిలోల మనిషికి రోజుకి 104 గ్రాములు. గుడ్డుకి దాదాపు 6 గ్రాములు, మిగతాది పప్పు, పెరుగు, చికెన్, చేప, పనీర్, శెనగలు. పీజీ మెస్ తిండి మీద ఉన్నవాళ్ళు ఎలక్ట్రిక్ కెటిల్‌లో గుడ్లు ఉడకబెట్టుకోవడం మొదలుపెడితేనే చాలా తేడా వస్తుంది.

రింగ్స్ సంరక్షణ

పని అవ్వగానే విప్పి లోపల పెట్టండి. ఎండకి పట్టీల నైలాన్ దెబ్బతింటుంది, వానకి చెక్క ఉబ్బి నున్నదనం పోతుంది, జూన్ నుంచి అక్టోబరు దాకా బాల్కనీలో వదిలేస్తే బూజు కూడా పడుతుంది. చెమట ఎక్కువ పట్టే చేతులైతే జిమ్నాస్టులు వాడే మెగ్నీషియం కార్బొనేట్ చాక్ కొంచెం రాసుకోండి, టాల్కం పౌడరు మాత్రం వద్దు, అది జారిస్తుంది. చెక్క నున్నగా జిడ్డుగా తయారైతే సన్నటి గరుకు కాగితంతో పైపైన రుద్ది పొడిగుడ్డతో తుడవండి. నెలకోసారి వెలుతురులో పట్టీ మొత్తం వేళ్ళ మధ్య జరుపుతూ చూడండి, ముఖ్యంగా బకిల్ కుట్టు దగ్గర, బీమ్ అంచుకి రాసుకునే చోట. అక్కడ దారాలు లేచినా, అంచు కొరికినట్టు కనపడినా ఆ పట్టీని సామాన్లు కట్టుకోవడానికి పెట్టేసుకుని, రింగ్స్‌కి కొత్త జత కొనండి.